నమూనా క్లిప్ అడిగే పద్ధతి: వీడియో తీసే డీఎస్ఎల్ఆర్‌ను కొనకముందే తూచడం

వీడియో తీయగల డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగల) కెమెరా ఏది తీసుకున్నా దాని వివరాల పట్టికలో కనబడే అంకెలు దాదాపు ఒకేలా ఉంటాయి. 1920×1080 పరిమాణం, సెకనుకు 24 లేదా 25 లేదా 30 ఫ్రేములు, హెచ్.264 కోడెక్ (వీడియోను కుదించి రాసే పద్ధతి) అని రెండు కెమెరాల పట్టికలూ ఒకే మాట చెప్పినా, ఒకదానిలో తీసిన పెంకుల కప్పు నిలకడగా కనిపించవచ్చు, రెండోదానిలో అదే కప్పు మీద ఊదా, ఆకుపచ్చ చారలు పాకుతూ ఉండవచ్చు. ఈ తేడా పట్టికలో ఎక్కడా ఉండదు. అందుకే కొనాలనుకునేవారు ఆ కెమెరా ఇప్పటికే చేతిలో ఉన్నవారిని నమూనా ఫుటేజీ పంపమని అడుగుతారు. అడగడం సరైన పనే. చిక్కంతా అడిగే తీరులో ఉంది. ‘ఏదైనా వీడియో ఉంటే పంపండి’ అంటే వచ్చేది సాయంకాలపు ఆకాశం, గాలికి ఊగే పువ్వు, నెమ్మదిగా నడిచి వచ్చే మనిషి, వెనక సంగీతం. పంపేవారు తమ దగ్గరున్నవాటిలో బాగా వచ్చినదే ఏరి పంపుతారు, అది సహజం. అయితే బాగా వచ్చిన క్లిప్పు తీసినవారి నేర్పు గురించి చెప్పినంతగా కెమెరా గురించి చెప్పదు. కెమెరా గుణం తెలియాలంటే అది తడబడే చోట తీసిన క్లిప్పు కావాలి, ఆ క్లిప్పు కార్డులో పడ్డది పడ్డట్టుగా చేతికి రావాలి.

ఈ అవసరం ఎలా పుట్టిందో 2008 నాటి రెండు కెమెరాలను చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో నికాన్ ప్రకటించిన డి90, వీడియో తీయగల మొదటి డీఎస్ఎల్ఆర్. 1280×720 పరిమాణంలో సెకనుకు 24 ఫ్రేములు తీసేది; ఆ పరిమాణంలో ఒక్కో క్లిప్పు ఐదు నిమిషాలకు మించేది కాదు; శబ్దం మోనో. మరుసటి నెలలో కెనాన్ ప్రకటించిన ఈఓఎస్ 5డి మార్క్ 2 పూర్తి 1920×1080 పరిమాణంలో సెకనుకు 30 ఫ్రేములు తీసేది. ఒక్కో క్లిప్పు సుమారు 12 నిమిషాలకో, ఫైలు 4 జీబీకి చేరగానేనో ఆగిపోయేది. పట్టిక చదివినవారికి తెలిసింది ఇంతవరకే. క్లిప్పులు చూసినవారికి మరికొంత తెలిసింది. డి90ని కాస్త వేగంగా పక్కకు తిప్పితే నిలువు స్తంభాలు ఏటవాలుగా ఒరిగిపోయేవి, చేత్తో పట్టుకుని నడిస్తే దృశ్యమంతా జెల్లీలా వణికేది. 5డి మార్క్ 2లో మొదట్లో వీడియోకు షట్టర్ వేగాన్నీ, ఐఎస్ఓనూ (వెలుగును ఎంత పెంచి నమోదు చేయాలో చెప్పే అంకె) వాడేవారు స్వయంగా స్థిరపరచే వీలు లేకపోవడంతో, ఫ్రేములోకి తెల్లచొక్కా వేసుకున్న మనిషి అడుగుపెడితే చాలు, వెనకనున్న గోడ రంగు ఒక్కసారిగా ముదిరిపోయేది. 2009 జూన్‌లో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పుతో, ఆ నియంత్రణ దక్కింది. 24, 25 ఫ్రేముల వేగాలు, శబ్దం స్థాయిని చేత్తో పెట్టుకునే వీలు 2010 మార్చిలో వచ్చిన మరో ఫర్మ్‌వేర్‌తో చేరాయి. ఒకే పెట్టె ఏడాదిన్నర తిరగకుండానే మూడు రకాల ఫుటేజీ ఇచ్చిందన్నమాట. అందువల్ల నమూనా అడిగేటప్పుడు అందులో ఏ ఫర్మ్‌వేర్ ఉందో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఆ కెమెరాతో తీసిన ఫొటోలు చూసి వీడియో ఎలా ఉంటుందో ఊహించడం చాలామంది చేసే పొరపాటు. 5డి మార్క్ 2 తీసే రా ఫొటోలో (సెన్సరు చదివినదాన్ని దిద్దకుండా ఉంచేది) ఒక్కో పిక్సెల్ విలువ 14 బిట్లలో, అంటే 16,384 మెట్లలో నమోదవుతుంది. అదే కెమెరా వీడియోలో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 మెట్లు మాత్రమే ఉంటాయి. ఇంకా, డీఎస్ఎల్ఆర్‌లు కార్డుపై రాసే హెచ్.264 ఫైళ్ళలో సాధారణంగా వెలుగు సమాచారం 1920×1080 బిందువులకు ఉంటే, రంగు సమాచారం 960×540కి తగ్గి ఉంటుంది. కంటికి రంగులో సూక్ష్మత తక్కువ గనుక మామూలు దృశ్యంలో ఇది తెలియదు. నల్లటి గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డు కనిపిస్తే మాత్రం అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా విరిగి కనబడతాయి. ఫొటోలో కత్తిలా ఉన్న లెన్సు, సెన్సరు వీడియోలో ఎంత మెత్తబడతాయో ఫొటో ఎన్నటికీ చెప్పదు.

పెంకుల కప్పు సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే వీడియో డీఎస్ఎల్ఆర్‌ల గుట్టు చాలావరకు అక్కడే బయటపడుతుంది. 5డి మార్క్ 2 సెన్సరులో అడ్డంగా 5616, నిలువుగా 3744 పిక్సెళ్ళు ఉంటాయి. 16:9 ఆకారానికి తగ్గిస్తే వాడుకకు వచ్చే వరుసలు 3159. వీడియోకు కావలసినవి 1080. సెకనుకు 30 సార్లు ఆ వరుసలన్నీ చదివి, కలిపి, కుదించే వేగం ఆనాటి చిప్‌లకు లేదు గనుక, దాదాపు ప్రతి మూడు వరుసల్లో ఒకటే చదివి మిగతా రెండూ వదిలేయడం మార్గమైంది. సెన్సరు ముందు ఉండే లో-పాస్ ఫిల్టరు సన్నని వివరాలను కాస్త మెత్తబరిచి ఇలాంటి చారలను ఆపడానికే ఉంది. కానీ దాన్ని 5616 పిక్సెళ్ళ ఫొటోకు సరిపడేలా చేశారు, మూడింట ఒక వంతు వరుసలే చదివే వీడియోకు కాదు. ఫలితంగా పెంకుల వరుసలు, చదివే వరుసలు ఒకదానితో ఒకటి పొసగక మధ్యలో లేని గీతలు పుడతాయి. దీన్నే మొయిరే అంటారు.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, కప్పు ఫ్రేములో సగం నిండేలా నిలిపి, లెన్సును వైడ్ నుంచి నెమ్మదిగా టెలీకి జూమ్ చేస్తూ పది సెకన్లు తీసిన క్లిప్పు ఒకటి ఉందనుకుందాం. మొదటి రెండు సెకన్లలో పెంకులు మరీ చిన్నవిగా ఉండటం వల్ల కప్పు ఒట్టి గోధుమరంగు పలకలా కనిపిస్తుంది. మూడో సెకను దగ్గర కుడి మూల నుంచి వంపు తిరిగిన చారలు లేస్తాయి, వాటికి అంచుల్లో నీలం, నారింజ రంగులు ఉంటాయి. జూమ్ సాగేకొద్దీ అవి కప్పు మీద అలల్లా కదిలి, ఒక దశలో దిశ మార్చుకుని వెనక్కి వెళ్తాయి. ఆరేడు సెకన్ల దగ్గర పెంకులు తగినంత పెద్దవై చారలు హఠాత్తుగా మాయమవుతాయి. చారలు ఎంత వెడల్పు జూమ్ పరిధిలో కనిపించాయి, రంగు తేలిందా లేక బూడిదరంగులోనే ఉండిపోయాయా అన్నది ఈ ఒక్క క్లిప్పుతో తేలిపోతుంది. రంగు లేని చారను ఎడిటింగులో కొంత సర్దుకోవచ్చు, రంగు తేలినదాన్ని సర్దడం చాలా కష్టం. 2012లో వచ్చిన 5డి మార్క్ 3 సెన్సరు వెడల్పు 5760 పిక్సెళ్ళు, అంటే 1920కి సరిగ్గా మూడు రెట్లు. ఆ కెమెరాలో మొయిరే బాగా తగ్గింది. పట్టికలో మాత్రం రెండింటికీ అదే 1920×1080.

ఇక అసలు ఫైలు మాట. నమూనా ఫుటేజీ అడిగేవారు పట్టుబట్టవలసిన విషయం ఏదైనా ఉంటే అది ఇదే. 5డి మార్క్ 2 తన 1080 వీడియోను సెకనుకు సుమారు 38 నుంచి 40 మెగాబిట్ల చొప్పున రాస్తుంది. ఆ క్లిప్పును యూట్యూబ్‌లో పెడితే, మామూలు ఫ్రేము వేగంలో ఉండే 1080 వీడియోకు ఆ సంస్థ సూచించే అప్‌లోడ్ బిట్‌రేటే, అంటే సెకనుకు రాసే సమాచారమే, 8 మెగాబిట్లు. దాన్ని మళ్ళీ కుదించాకే చూసేవారికి పంపుతుంది. సందేశాల యాప్‌లు వీడియోను ఇంకా గట్టిగా పిండుతాయి. ఈ పిండటంలో నష్టం రెండు వైపులా జరుగుతుంది. చీకట్లో సెన్సరు కలిపే సన్నని గరుకు (నాయిస్) కుదింపులో మొదట కొట్టుకుపోతుంది, కాబట్టి నాయిస్ ఎక్కువున్న కెమెరా కూడా నున్నగా కనిపిస్తుంది. మరోవైపు నీటి అలలు, చెట్ల ఆకులు ఉన్నచోట చదరాలు చదరాలుగా విరిగిన బొమ్మను చూసి అది కెమెరా లోపమనుకుంటారు, అది కెమెరా చేసినది కాదు. చూసింది మంచిదైనా చెడ్డదైనా కెమెరాకు అంటగట్టడానికి వీల్లేదు. అలాంటి క్లిప్పుతో కెమెరాను అంచనా వేయడం జెరాక్సు కాపీ చూసి సిరా నాణ్యతను నిర్ణయించడం వంటిది.

వచ్చింది అసలు ఫైలో కాదో కనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు. మీడియాఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కోడెక్, బిట్‌రేటు, ఫ్రేము వేగం, చాలాసార్లు ఫైలును రాసిన కెమెరా లేదా సాఫ్ట్‌వేర్ పేరు కూడా కనిపిస్తాయి. ఏ సాఫ్ట్‌వేరూ లేకపోయినా లెక్క వేసుకోవచ్చు: సెకనుకు 40 మెగాబిట్లంటే 5 మెగాబైట్లు, పది సెకన్లకు 50. పది సెకన్ల క్లిప్పు 9 మెగాబైట్లే ఉంటే అది దారిలో ఎక్కడో మళ్ళీ కుదించబడింది. పంపేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి నింద వేసినట్టు కాకుండా, ఫైలును వీడియోగా కాక డాక్యుమెంటుగా జతచేయమనో, ఏదైనా క్లౌడ్ నిల్వలో పెట్టి లింకు ఇవ్వమనో ముందే చెప్పడం మేలు. 5డి మార్క్ 2, 7డి వంటి కెనాన్ కెమెరాలు ప్రతి వీడియో ఫైలుకు పక్కన అదే పేరుతో టీహెచ్ఎం అనే చిన్న ఫైలు కూడా రాసేవి. చాలామంది దాన్ని పనికిరానిదని చెరిపేస్తారు, కానీ షట్టర్, అపర్చర్ (లెన్సు తెరుచుకునే మేర), ఐఎస్ఓ వివరాలు ఉండేది అందులోనే. అలాంటి ఫైలు ఉంటే అదీ అడగాలి. లేకపోతే ఆ వివరాలను రాసి పంపమనాలి.

క్లిప్పు ఎంత పొడవు ఉండాలన్నది కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. 5డి మార్క్ 3లో రెండు రకాల కుదింపు ఉంది: ప్రతి ఫ్రేమునూ విడిగా కుదించేదానికి సెకనుకు సుమారు 90 మెగాబిట్లు, కొన్ని ఫ్రేములకు ఒకసారి పూర్తి బొమ్మ రాసి మధ్యలో తేడాలు మాత్రమే రాసేదానికి సుమారు 30. 2016లో వచ్చిన 5డి మార్క్ 4 తన 4కె వీడియోను మోషన్ జేపెగ్ పద్ధతిలో (ప్రతి ఫ్రేమునూ విడి ఫొటోలా కుదించేది) సుమారు 500 మెగాబిట్ల చొప్పున రాస్తుంది. పది సెకన్లకే 600 మెగాబైట్లు దాటుతుంది. మూడు నిమిషాల క్లిప్పు అడిగితే పంపేవారి ఓపిక, ఇంటర్నెట్ రెండూ అయిపోతాయి. పరీక్షకు పది సెకన్లు చాలు, కొన్నిటికి ఐదే ఎక్కువ.

ఏమేం తీయమనాలి అన్న ప్రశ్నకు జాబితా పెద్దదిగా ఉండనక్కరలేదు. అన్నిటికంటే తేలికైనదీ, ఎవరూ అడగనిదీ ఒకటుంది: లెన్సుకు మూత పెట్టి ఐదేసి సెకన్లు, ఒకటి ఐఎస్ఓ 1600 దగ్గర, మరొకటి 6400 దగ్గర. ఇంత అందవికారమైన క్లిప్పు ఎవరూ తమంతట తాము పంపరు. చూడటానికి ఒట్టి నలుపు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాని వెలుగును బాగా పెంచితే అసలు రంగు బయటపడుతుంది. గరుకు ఫ్రేము ఫ్రేముకూ మారుతూ ఇసుక చల్లినట్టుంటే కంటికి అంత బాధ ఉండదు, అది సినిమా గ్రెయిన్‌లా కలిసిపోతుంది. కదలని నిలువు గీతలో, అడ్డ పట్టీలో, ఒకేచోట వెలిగే ఎర్ర చుక్కలో ఉంటే మాత్రం చీకటి దృశ్యాలన్నిటిలోనూ అవి తెర మీద మరకల్లా నిలిచిపోతాయి. ఐఎస్ఓ అంకెల విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని కెనాన్ మోడళ్ళలో 160, 320, 640 దగ్గర నాయిస్ 125, 250, 500 కంటే తక్కువగా కనిపిస్తుంది. మధ్య మెట్లను కెమెరా సెన్సరు దగ్గర కాక ఆ తరువాత లెక్కతో పెంచో తగ్గించో తయారుచేయడమే కారణం. తగ్గించి చేసిన మెట్టులో నాయిస్ తగ్గినట్టే వెలుగు భాగాల్లో పరిధి కూడా కాస్త తగ్గుతుంది. ఐఎస్ఓ రాయకుండా పంపిన చీకటి క్లిప్పుల మీద వాదించడం వృథా అనడానికి ఇది చాలు.

రోలింగ్ షట్టర్, అంటే కెమెరా తిప్పినప్పుడు నిలువు గీతలు ఒరిగిపోవడం, చాలామంది అడిగేదే, కానీ అడిగేది సరైన రూపంలో ఉండదు. కెమెరాను అటూఇటూ వేగంగా విసిరి తీసిన క్లిప్పు చూస్తే ఏ కెమెరా అయినా భయంకరంగానే ఉంటుంది, ఎంత వేగంగా తిప్పారో తెలియదు గనుక పోల్చడానికి ఉండదు. సెన్సరు పై వరుస నుంచి కింది వరుస వరకు చదవడానికి పట్టే సమయమే ఈ ఒరుగుకు మూలం. ఆ సమయాన్ని నేరుగా కొలిచే మార్గం ఒకటుంది. సరఫరాతో పాటు మినుకుమినుకుమనే దీపం కింద తెల్ల గోడను షట్టర్ వేగం 1/1000 లేదా అంతకంటే ఎక్కువ పెట్టి తీయమనాలి. 50 హెర్ట్‌జ్ కరెంటు మీద దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి. కంటికి కనబడని ఆ మినుకు ఫ్రేములో అడ్డంగా చీకటి, వెలుగు పట్టీలుగా పడుతుంది. ఒక ఫ్రేమును నిలిపి పై అంచు నుంచి కింది అంచు వరకు ఎన్ని జతల పట్టీలున్నాయో లెక్కపెడితే, జతకు 10 మిల్లీసెకన్ల చొప్పున చదివే సమయం వచ్చేస్తుంది. రెండున్నర జతలుంటే 25 మిల్లీసెకన్లు, ఒకటిన్నర ఉంటే 15. 60 హెర్ట్‌జ్ ఉన్న చోట జతకు 8.3 మిల్లీసెకన్లు. కొన్ని ఎల్ఈడీ దీపాలు అసలు మినకవు. వాటి కింద పట్టీలు రాకపోతే కెమెరా గొప్పదని అనుకోకూడదు. మిగతా క్లిప్పులన్నిటికీ దీనికి విరుద్ధంగా షట్టర్ 1/50 లేదా 1/60, అక్కడి కరెంటును బట్టి పెట్టమనాలి, లేకపోతే ఈ పట్టీలే వచ్చి నాయిస్ పరీక్షను పాడుచేస్తాయి.

శబ్దాన్ని ఎవరూ అడగరు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో లోపలి మైకుతో పదిహేను సెకన్ల క్లిప్పు తీసి, మధ్యలో ఒక్కసారి చప్పట్లు కొట్టమంటే సరిపోతుంది. కెమెరా శబ్ద స్థాయిని తనంతట తానే సర్దుకునే రకమైతే, మొదటి కొన్ని సెకన్లలో నేపథ్యపు ‘హిస్’ మెల్లమెల్లగా పెరుగుతుంది, చప్పట్లు పడగానే ఒక్కసారి అణిగిపోతుంది, తరువాత మళ్ళీ నిచ్చెన ఎక్కినట్టు పైకి వస్తుంది. మాట్లాడే మనిషిని తీస్తే మాటకూ మాటకూ మధ్య ఇదే జరుగుతుంది. స్థాయిని చేత్తో స్థిరపరచే వీలున్న కెమెరాలో అలా పెట్టి తీస్తే హిస్ ఒకే మట్టంలో ఉంటుంది; ఎంత మట్టంలో ఉందన్నదే అక్కడి ప్రశ్న.

ఆటోఫోకస్ పరీక్ష కెమెరా తరాన్ని బట్టి మారుతుంది. డి90 రికార్డింగు సమయంలో ఫోకస్ చేయనే లేదు; 2010లో నికాన్ డి3100 వీడియో నడుస్తుండగా నిరంతరం ఫోకస్ చేసేదిగా వచ్చింది; 2013లో కెనాన్ 70డి సెన్సరు పిక్సెళ్ళనే ఫోకస్‌కు వాడే పద్ధతితో వచ్చాక ముందుకూ వెనక్కూ వెతుక్కునే ఆ తడబాటు బాగా తగ్గింది. కెమెరా వైపు మామూలు నడకతో వచ్చే మనిషి క్లిప్పు ఒకటి అడిగితే చాలు. అందులో చూడవలసింది ఫోకస్ దొరికిందా అని ఒక్కటే కాదు, లెన్సు మోటారు కీచు శబ్దం మైకులో పడిందా అని కూడా.

4కె ఉన్న కెమెరా అయితే ఒకే చోట నిలబడి, ఒకే లెన్సుతో 1080లో ఒకటి, 4కెలో ఒకటి తీయమనడం మరచిపోకూడదు. 5డి మార్క్ 4 సెన్సరు వెడల్పు 6720 పిక్సెళ్ళు. 4కె వీడియోకు మధ్యలోని 4096 మాత్రమే వాడుకుంటుంది. అంటే దృశ్యం 1.64 రెట్లు బిగుసుకుంటుంది, 24 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 39 మిల్లీమీటర్ల లెన్సులా ప్రవర్తిస్తుంది. చిన్న గదిలో తీయదలచుకున్నవారికి మిగతా గుణాలన్నీ కలిపినా ఈ ఒక్క లోటును పూడ్చలేవు.

అడిగే ఉత్తరం పొట్టిగా, మర్యాదగా, అన్నీ అంకెలతో ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘నమస్కారం. మీ దగ్గరున్న మోడల్‌ను వీడియో కోసం కొనే ఆలోచనలో ఉన్నాను. వీలైతే నాలుగు చిన్న క్లిప్పులు తీసి పంపగలరా? ఒకటి, లెన్సు మూత పెట్టి ఐఎస్ఓ 6400 దగ్గర 5 సెకన్లు. రెండు, ఇటుక గోడ గానీ పెంకుల కప్పు గానీ, ట్రైపాడ్ మీద నెమ్మదిగా జూమ్ చేస్తూ 10 సెకన్లు. మూడు, దీపం కింద తెల్ల గోడ, షట్టర్ 1/1000, 3 సెకన్లు. నాలుగు, నిశ్శబ్దపు గదిలో 15 సెకన్లు, మధ్యలో ఒక చప్పట్లు. పిక్చర్ స్టైల్, షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ ఏ స్థాయిలో ఉన్నాయో, ఫర్మ్‌వేర్ సంఖ్య ఏమిటో, మీ దగ్గర కరెంటు 50 హెర్ట్‌జా 60 హెర్ట్‌జా అన్నదీ రాస్తే చాలు. ఫైళ్ళను ఎడిట్ చేయకుండా కార్డులో ఉన్నవి ఉన్నట్టే పంపమని మనవి. మీ అనుమతి లేకుండా వీటిని ఎక్కడా పెట్టను.’

చివరి వాక్యం మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ ఫుటేజీ మీద హక్కు తీసినవారిది. ఒక ఫ్రేమును పోలికగా ఎక్కడైనా చూపించాలన్నా వారిని అడగాలి. మనుషుల ముఖాలు లేని దృశ్యాలే అడగడం వల్ల పంపేవారికి సంకోచం కూడా తగ్గుతుంది. పిక్చర్ స్టైల్ (రంగు, కాంట్రాస్టు, పదును ఎంత ఉండాలో కెమెరాలో ముందే పెట్టే అమరిక) అడగడానికి కారణం వేరు. ఫొటోకు రా ఫైలు ఉన్నట్టు ఈ హెచ్.264 వీడియోకు వెనక్కి వెళ్ళే దారి లేదు. కెమెరాలో షార్ప్‌నెస్ పెంచి తీస్తే ఆ పదును బొమ్మలోనే ముద్రపడుతుంది, అంచుల చుట్టూ తెల్ల గీతలు మిగులుతాయి, మొయిరే కూడా ఎక్కువైనట్టు కనిపిస్తుంది. కాంట్రాస్టు ఎక్కువ పెడితే నీడల్లో ఉన్న నాయిస్ నలుపులో మునిగి కనిపించకుండా పోతుంది.

ఫైలు చేతికి వచ్చాక చూసేవారి తెర, ప్లేయరు కూడా తీర్పులో చేయి పెడతాయి. 5డి మార్క్ 2 తన వీడియోలో 0 నుంచి 255 వరకు మొత్తం మెట్లు వాడుతుంది, కానీ వీడియో ఆనవాయితీలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండాలి. ప్లేయరు ఆ ఆనవాయితీనే నమ్మి తెరిస్తే 16 కంటే కింద ఉన్నదంతా ఒకే నలుపై, 235 పైనున్నదంతా ఒకే తెలుపై పోతుంది. నీడల్లో వివరం లేదని కెమెరాను తిట్టేముందు అదే ఫైలును ఇంకో ప్లేయరులో తెరిచి చూడాలి. తెర మీద ఒక వీడియో పిక్సెల్‌కు ఒక తెర పిక్సెల్ ఉండేలా 100 శాతం పరిమాణంలో చూడకపోతే, బొమ్మను కుదించే క్రమంలో ప్లేయరే కొత్త చారలు పుట్టించవచ్చు. నిలిపి చూసిన ఫ్రేములో నాయిస్ ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది, నడుస్తున్నప్పుడు కన్ను అనేక ఫ్రేములను కలిపి సగటు చేసుకుంటుంది. తీర్పు నడిచే బొమ్మ మీదే ఉండాలి. తేడాలు మాత్రమే రాసే కుదింపులో ఒక్కో ఫ్రేము ముందుకు జరిపితే ఒకటి పదునుగా, తరువాతివి కాస్త మెత్తగా, మళ్ళీ ఒకటి పదునుగా ఉండటం గమనించవచ్చు. గాలికి ఆకులు కదిలే చోట ఆ ఊపిరి కొట్టుకోవడం నడిచే బొమ్మలో కూడా తెలిస్తే ఆ బిట్‌రేటు ఆ దృశ్యానికి చాలలేదన్నమాట.

తయారీదారులు విడుదల చేసే నమూనా వీడియోల మాట వేరే చెప్పనక్కరలేదు. అవి అబద్ధం కావు, కానీ వాటిలో దీపాలు అమర్చిన బృందం, మంచి లెన్సులు, రంగులు దిద్దిన నిపుణులు అందరూ ఉంటారు. విడుదలకు ముందే బయటికి వచ్చే క్లిప్పుల్లో ఫర్మ్‌వేర్ తుదిది కాకపోవచ్చు, అందులో కనిపించిన లోపం అంగట్లోకి వచ్చిన కెమెరాలో ఉండకపోవచ్చు.

చిన్న క్లిప్పులతో తేలని సంగతి ఒకటి మిగులుతుంది: ఎక్కువసేపు తీస్తే ఏమవుతుంది? ఫ్యాట్32 పద్ధతి (కార్డులో ఫైళ్ళను అమర్చే ఒక తీరు) వల్ల ఫైలు 4 జీబీ దగ్గర తెగుతుందా, ఐరోపా సుంకాల వర్గీకరణ పుణ్యమా అని చాలా కెమెరాలకు అంటిన 29 నిమిషాల 59 సెకన్ల గీత దీనికీ ఉందా అన్నవి మాన్యువల్‌లో దొరుకుతాయి. వేడెక్కి మధ్యలో ఆగిపోతుందా అన్నది దొరకదు. దీనికి మొత్తం రికార్డింగు పంపమనడం అన్యాయం. ఎంతసేపటికి ఆగిందో రాసి, ఆఖరి పది సెకన్లు మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి సాఫ్ట్‌వేర్‌తో, మళ్ళీ కుదించకుండా నకలు తీసే పద్ధతిలో, కత్తిరించి పంపమనవచ్చు. ఆ పది సెకన్లలోని చీకటి భాగాన్ని మొదటి నిమిషం నాటి క్లిప్పుతో పోలిస్తే, వేడెక్కిన సెన్సరు ఎంత అదనపు నాయిస్ చేర్చిందో కూడా కనిపిస్తుంది.

రెండు కెమెరాల మధ్య ఊగిసలాడుతున్నవారు రెండో కెమెరా ఉన్నవారికి కూడా ఇదే ఉత్తరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపాలి. ఇద్దరి ఊళ్ళలో వెలుగు వేరు, కప్పులు వేరు, లెన్సులు వేరు. కాబట్టి పెంకుల క్లిప్పులను పక్కపక్కన పెట్టి ఏది పదునని వాదించడం కుదరదు. నిశ్శబ్దపు గదులు కూడా ఒకేలా ఉండవు. మూత పెట్టి తీసిన చీకటి, దీపం కింద పట్టీల లెక్క మాత్రం ఏ ఊళ్ళో తీసినా, ఏ లెన్సుతో తీసినా పోలికకు నిలుస్తాయి.